ఖైతాన్‌లో ఆగిపోయిన కాగితం

పదకొండో వారం

ఊరికి పోయాడనుకున్న హుస్సేన్ వలి మంగళవారం నాడు ఇక్కడే కువైట్‌లో, ఖైతాన్ పేటలో రొట్టెల దుకాణం ముందు నిలబడి కనిపించాడని చెప్పి ఆపాను కదా. మీరు నమ్మారో లేదో గానీ గౌసియక్క మాత్రం నమ్మలేదు. దర్జీ దగ్గర మా యజమానురాలి గౌను తేవడానికి కారులో పోతూ చూశాను నేను. అద్దం దించేలోపు సిగ్నల్ పడి కారు కదిలిపోయింది. ఇంటికొచ్చి చెబితే, "నీ కండ్లకు సూపు తగ్గిందిలేమే. ఆయప్ప రాయచోటిలో పెండ్లాం పిల్లోళ్ళ కాడ ఉండాడు" అని కొట్టిపారేసింది. శుక్రవారం దాకా ఆగడం తప్ప నాకు వేరే దారి లేదు. మా ఇంట్లో పనివాళ్ళకు బయటి గాలి తగిలేది శుక్రవారం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడింటి అసర్ నమాజు దాకానే.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం కథ ఎక్కడుందో చెబుతాను. నేను వెంకటేశ్వరిని, లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె మాది. గౌసియా బీది రాయచోటి. పద్నాలుగేళ్ళుగా మాకు ఒకే ఇల్లు, ఒకే గది. వంట ఆమెది, మిగతా చాకిరీ నాది. ఆమెకు అరవై నాలుగేళ్ళు. కాగితాల్లో మాత్రం యాభై నాలుగు. వయసు మళ్ళిన ఆడవాళ్ళను ఇక్కడి ఇళ్ళలో పెట్టుకోరని, పాస్‌పోర్టు కొత్తగా చేయించినప్పుడు ఏజెంటు పదేళ్ళు కోసేశాడు. సెలవుకు పోయినప్పుడు ఆ పాస్‌పోర్టు చూపించి ఆధార్‌లో ఉన్న తేదీ కూడా అలాగే మార్పించుకుంది, రెండూ ఒకటిగా ఉంటే ఎయిర్‌పోర్టులో గొడవ ఉండదని. మా వైపు నుంచి వచ్చిన వాళ్ళలో చాలామంది ఇదే పని చేశారు. నేను కూడా ఐదేళ్ళు తగ్గించుకున్నాను, దాచడమెందుకు?

ఇప్పుడు ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ నెలాఖరుకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, అయిపోతుంది. మామా, అంటే మా యజమానురాలు, ఆమె చోటికి వేరే పిల్లను చూసుకుంది. ఊళ్ళో గౌసియక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు. చెల్లెలి కూతురు ఫర్హానా ఇంట్లో ఒక మంచం వేస్తామన్నారు, అంతే. అందుకే పోయినసారి సెలవులో వృద్ధాప్య పింఛనుకు అర్జీ పెట్టుకుని వచ్చింది. నెలనెలా ఏదో కొంత తన చేతికి వస్తే ఫర్హానా ఇంట్లో కంచం ముందు కూర్చోవడానికి మొహం ఉంటుందని ఆమె ఆశ. ఆగస్టులో నోటీసు వచ్చింది. ఆధార్ ప్రకారం వయసు చాలదు, అర్జీ కొట్టేశాం, అభ్యంతరముంటే సెప్టెంబరు ఇరవై నాలుగులోగా అసలు రుజువుతో అప్పీలు చేసుకోండి అని. ఆమె నిజమైన పుట్టిన తేదీ ఉన్న కాగితం ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఐదో తరగతి టీసీ. అది ఆమె పెట్టెలో, కువైట్‌లోనే ఉంది.

దాన్ని పోస్టులో పంపి ఉండొచ్చు కదా అంటారు. అసలు కాగితాలు మేం పోస్టులో వేయం. బంగారమైనా, మందులైనా, పిల్లల సర్టిఫికెట్లయినా ఊరికి పోయే మనిషి చేతికే ఇస్తాం. అది మాకు అలవాటైన నమ్మకం. మా పక్క వీధిలో పన్నెండేళ్ళు డ్రైవరు పని చేసి, అన్నీ ముగించుకుని సెప్టెంబరు ఐదున పూర్తిగా ఇంటికి పోతున్న హుస్సేన్ వలి చేతికి టీసీ, సంతకం చేసిన అప్పీలు ఇచ్చింది. తానే ఆఫీసుకు పోయి ఇచ్చి రసీదు తీసుకుంటానన్నాడు. పోయాక వారానికి, "పని అయిపోతుంది ఆపా, దిగులు పడొద్దు" అని వాట్సాప్‌లో ఒక మాట పంపాడు. రసీదు ఏదని అడుగుదామని నేను పోరుపెట్టాను. గౌసియక్క అడగనివ్వలేదు. ఏళ్ళ తరబడి పెళ్ళాం బిడ్డలకు దూరంగా ఉండి ఇల్లు చేరిన మనిషిని పది పదిహేను రోజులు ఫోన్ చేసి పనులు అడగకూడదు. గల్ఫులో అందరం పాటించే మర్యాద అది. ఆ మర్యాదలోనే ఇరవై నాలుగో తేదీ వెళ్ళిపోయింది. కాగితం ఆఫీసులో చేరే ఉంటుందనుకున్నాం.

ఈ శుక్రవారం ఆమెను బలవంతంగా బస్సెక్కించాను. ఖైతాన్‌లో దిగేసరికి పదకొండు కావస్తోంది. రొట్టెల దుకాణంవాడిని హిందీలో అడిగితే, ఆ పొడుగాటి డ్రైవరా అని ఎదురు బిల్డింగు చూపించాడు. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. గౌసియక్క ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతూ, "వాడు కాదులేమే, వాడు కాకుంటే ఈ మెట్లకు నిన్ను తిట్టుకుంటా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది.

తలుపు తీసింది హుస్సేన్ వలే. జుమ్మా నమాజుకు తయారై, తెల్ల జుబ్బా వేసుకుని, చేతిలో దువ్వెన పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే "ఆపా" అన్నాడు. 

నా నోటికి మొదటి నుంచీ తాళం లేదు. ఊరికి పోయినవాడివి ఇక్కడేం చేస్తున్నావని గుమ్మంలోనే పట్టుకున్నాను. గౌసియక్క కూర్చోవడానికి చోటు వెతుక్కుని, మంచం పట్టె మీద కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ మంచినీళ్ళు అడిగింది. అతను నీళ్ళు తేవడానికి పక్కకు జరిగినప్పుడు మంచం కింద పెట్టె కనిపించింది. ఎయిర్‌పోర్టులో చుట్టే ప్లాస్టిక్ చుట్టి ఉంది. పైన తాడు. మీద మార్కరు పెన్నుతో లావు అక్షరాల్లో అతని పేరు, రాయచోటి, ఫోన్ నంబరు. ఒక్క మడత కూడా విప్పలేదు.

చూడగానే నాకు అర్థమైపోయింది. ఆమెకూ అర్థమైనట్టుంది. గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టేసింది.

అప్పుడు చెప్పుకొచ్చాడు. ఎయిర్‌పోర్టులో కంప్యూటర్ చూసి పక్కన నిలబెట్టారట. మూడేళ్ళ కిందట షుఐబా రోడ్డులో యజమాని కారు నడుపుతూ ఎవరినో గుద్దిన కేసు ఉంది. కఫీల్, అంటే ఆ యజమాని, అప్పట్లో తానే చూసుకుంటానని, ఖలాస్, అయిపోయిందని చెప్పాడు. ఫైలు మాత్రం మూయలేదు. కేసు తేలేదాకా దేశం దాటకూడదు. వెనక్కి పోదామంటే అతని చోట్లో అప్పటికే కొత్త డ్రైవరు వచ్చేశాడు. ఎక్కడన్నా ఉండు, బుక్రా చూద్దాం అన్నాడు కఫీల్. ఆ బుక్రా, ఆ రేపు, నాలుగు వారాలుగా రాలేదు. తెలిసినవాడు రహీమ్ ఈ గదిలో చోటిచ్చాడు. పగలు ఊరి బయట సులైబియాలో గోదాము దగ్గర బస్తాలు మోస్తున్నాడు.

పాపం, అతని కష్టం కష్టమే. కాదనను. కానీ కడుపు రగిలిపోతుంటే ఎదుటివాడి కష్టం ఎక్కడ కనిపిస్తుంది? ఆ మెసేజ్ ఎందుకు పంపావని అడిగాను.  వారంలో కేసు తేలిపోతుందనుకున్నాడట.

"సరే, నువ్వు పోలేకపోతివి. ఇంకెవురి చేతికన్నా ఇచ్చింటే ఏమయ్యేది వలీ బాయ్?" అన్నాను. "పన్నెండో తేదీ మనోడు హుస్సేన్ పీరా ఊరికి పోయినాడు. పద్దెనిమిదిన నాగేంద్రప్రసాద్ పోయినాడు. ఒక్క మాట చెప్పింటే వాళ్ళు మోసుకుపోకుండా ఉంటారా?"

అతను దువ్వెన పళ్ళు లెక్కపెడుతున్నట్టు దానికేసే చూశాడు.

"ఇచ్చినాననుకో, నేను పోలేదని అందురికీ తెలిసిపోతాది" అన్నాడు. "వీధి వీధంతా కౌగిలించుకొని సాగనంపినారు. మీరు బిర్యానీ చేసి పెడితిరి. మళ్ళా యాడ మొగం సూపీల్ల? పెట్టె ఇప్పితే ఇంగ నేను పోనట్లేగదా అని పెట్టె గూడా ఇప్పలా. ఇరవై నాలుగో తేదీ పొద్దన్నించి రేత్రి దాంక దీని కల్లే చూసుకుంటా కూర్చుండా, ఆపా. పనికి గూడా పోలా."

"నీ మొగం కాపాడుకునేదానికి ఈమె కూడు పోగొడితివి గదయ్యా" అన్నాను. ఇంకా చాలా అన్నాను. పిరికివాడివన్నాను, మగతనం లేదన్నాను. రాయలేని మాటలు కూడా అన్నాను. నోరు మూసుకుని ఒక మనిషి గొంతు కోశావన్నాను.  

గౌసియక్క నా కొంగు పట్టి లాగింది. "అరిసి ఏం జేస్తామే. ఆఫీసుకు ఫోన్ చెయ్. తొమ్మిది దినాలేగదా దాటింది" అంది.

నోటీసు మీద సచివాలయం ఉద్యోగి నంబరు ఉంది. వెంకటరాజు అని పేరు. ఊళ్ళో అప్పటికి మధ్యాహ్నం రెండు అవుతోంది. అన్నం తింటున్నట్టున్నాడు, అయినా విసుక్కోలేదు. అర్జీ నంబరు చెబితే ఓపిగ్గా వెతికాడు. ఆ ఓపికే నన్ను ఆశపెట్టింది. తీరా అప్పీలు చేసుకునే పేజీ ఇరవై నాలుగు సాయంత్రం ఐదుకే కంప్యూటర్‌లో మూసుకుపోయిందన్నాడు. ఫోటో పంపుతామన్నాను, కాగితం ఈ వారమే పంపుతామన్నాను, పై ఆఫీసరుతో మాట్లాడమన్నాను. "నేను చేద్దామన్నా నొక్కేదానికి బటన్ లేదమ్మా" అన్నాడు. ఆధార్‌లో తేదీ సరిచేయిస్తామంటే, పుట్టిన తేదీ ఒకసారి మార్చుకున్నట్టు చూపిస్తోంది, రెండోసారి ఒప్పుకోరన్నాడు. ఆ ఒక్కసారీ ఆమె పదేళ్ళు తగ్గించుకోవడానికి వాడేసుకుంది.

చెప్పకపోతే బాగుండే మాట కూడా ఒకటి చెప్పాడు. గౌసియక్క వాళ్ళ వీధిలోనే మెహతాబ్ అనే ఆమెదీ ఇదే గొడవట. ఆమె పాత టీసీ తెచ్చి ఇరవై రెండున ఇస్తే, ఆఫీసరు చూసి సంతకం పెట్టేశాడట. ఇది కూడా వచ్చి ఉంటే అయిపోయేదమ్మా అన్నాడు. మంచి మనిషే. అందుకే చెప్పాడు.

గౌసియక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. పద్నాలుగేళ్ళలో ఆమె నా చేతిలోంచి ఏదీ లాక్కోలేదు.

"నాయనా, నేను నిజ్జంగా అరవై నాలుగేండ్లదాన్ని. వీడియో పెడతా, నా మొగం సూడు. నా చేతులు సూడు. యాభై నాలుగేండ్ల చేతులా ఇవి?"

అంటూనే ఫోన్ దూరంగా పట్టుకుని ముసుగు వెనక్కి తీసేసింది. బురఖా లేకుండా పరాయి మగవాడి ముందు ఎప్పుడూ నిలబడని మనిషి. జుట్టంతా తెల్లగా ఉంది. వీడియో ఆన్ కాలేదని ఆమెకు తెలియదు.  హుస్సేన్ వలి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

 వెంకటరాజు, "మొగం చూసి రాసుకునేదానికి కుదర్దమ్మా. ఆధార్ ప్రకారం అరవై నిండినాక మళ్ళా పెట్టుకోండి" అన్నాడు. అన్నం చల్లారిపోతోందని వెనక ఎవరో పిలుస్తున్నారు. ఉంటానమ్మా అని పెట్టేశాడు.

అరవై నిండాలంటే ఆరేళ్ళు. అప్పటికి ఆమెకు డెబ్బై. ఆమె ఆ లెక్క వేళ్ళ మీద వేసుకోవడం నేను చూశాను. మళ్ళీ ఇంకోసారి వేసుకుంది, మొదటిసారి తప్పు పోయిందేమోనని.

పెట్టె విప్పి నా కాగితం నాకిచ్చేయమంది. అతను వంటింటి కత్తితో ప్లాస్టిక్ కోశాడు. తాడు తెగింది. పైన చిన్నపిల్ల గౌను, పాలడబ్బాలు, దుప్పటి. అడుగున ఆమె కవరు. టీసీ తీసి వెలుతురులో పట్టుకుని చూసుకుంది. చదవడం పెద్దగా రాదు గానీ తన పేరు ఎక్కడుందో తెలుసు. అక్కడ వేలు పెట్టి కాసేపు ఉంచి, మళ్ళీ కవర్లో పెట్టుకుంది. హుస్సేన్ వలి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది, తిట్టలేదు. నాకైతే ఆ చెయ్యి పెట్టడం నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

బయట మసీదులో జుమ్మా అజాన్ అయింది. నన్ను కిందికి పొమ్మని, ఆమె అతనితో ఉర్దూలో ఏదో మాట్లాడి పది నిమిషాలకు దిగి వచ్చింది. బస్‌స్టాపులో నీడ లేదు. ఏం మాట్లాడావని అడిగితే దాచకుండా చెప్పింది. అతను పని చేసే సులైబియా గోదాము అవతల ఒక తోట ఉంది. పాతిక మంది కూలీలకు వండిపెట్టే మనిషి కావాలట. మేస్త్రీది కడప. ఇఖామా అడగడు, వయసు అడగడు.

"నేను మామా ఇంటికి రాను ఈశ్వరీ" అంది. "ఇట్నుంచి ఇట్నే ఆ తోటకు పోతా."

 అరవై నాలుగేళ్ళ మనిషి, మెట్లు ఎక్కలేని మనిషి, పారిపోయిన పనిమనిషిగా కేసు రాయించుకుంటుందా? పట్టుబడితే జైల్లో పెట్టి, అక్కడి నుంచే విమానమెక్కిస్తారు. ఊరికి పో, ఫర్హానా చూసుకుంటుంది, నేను నెలనెలా ఏదో పంపుతా అన్నాను. అన్నాను గానీ అందులో ఎంత నిజముందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఫర్హానా మంచి పిల్లే. ఆమె మొగుడు గూడా మంచోడే. పింఛను వస్తాదని తెలిసినాకే మంచం ఏసినారు" అంది. "ఏమీ లేకుండా పోయి ఆ మంచం మింద ఎట్ల పండుకోల్ల? నువ్వే చెప్పు."

 మేస్త్రీ నంబరు నా ఫోన్‌లో వేయించింది, ఎప్పుడైనా మాట్లాడుకోవడానికి.

"మామాకు రేపు పొద్దన చెప్పు, గౌసియా కనపల్లేదని. ఈ పొద్దు మాత్రం నోరు మూసుకో. ఈ రేత్రికి నేను ఆడ చేరి సర్దుకుంటా. ఇంతకు మించి నిన్నేమీ అడగను."

ఒట్టు వేయమంది. ఆమె చేతిలో చెయ్యి వేశాను. బస్సు వచ్చింది. అసర్ లోపల ఇంట్లో లేకపోతే నా సంగతీ అంతే. ఎక్కాను. కిటికీలోంచి చూస్తే ఎండలో కవరు గుండెకు హత్తుకుని నిలబడి, పో పో అని చెయ్యి ఊపుతోంది.

ఇల్లు చేరేసరికి మామా వంటింట్లోనే ఉంది. రాత్రికి చుట్టాలొస్తున్నారు, గౌసియా మచ్‌బూస్ పలావు వండాలి. నా వెనక్కి చూసింది.

"వేన్ గౌసియా?" అంది. గౌసియా ఎక్కడ అని.

వెనక బస్సులో వస్తోందన్నాను. ఒక గంట గడిచింది. మళ్ళీ వచ్చి అదే అడిగింది. నేను అదే చెప్పాను. అసర్ అయింది. మూడోసారి వచ్చినప్పుడు ఆమె అరవలేదు. తలుపు మూసి, నెమ్మదిగా చెప్పింది. ఇద్దరూ కలిసి పోయారు, నువ్వొక్కదానివే వచ్చావు. ఆమె పారిపోతే నువ్వే పంపావని పోలీసులకు చెబుతాను. నీ ఇఖామా కూడా కొట్టేయిస్తాను.

నాకు ఇంకా రెండేళ్ళ ఇఖామా ఉంది. ఊళ్ళో మొదలుపెట్టిన ఇల్లు గోడల దాకా లేచింది. ఇవన్నీ ఆ క్షణంలో అనుకున్నానని చెబితే అబద్ధం. ఏమీ అనుకోలేదు. ఒళ్ళంతా భయం, అంతే.

"సులైబియా" అన్నాను.

ఎవరి దగ్గర, ఎక్కడ అని అడిగింది మామా. మేస్త్రీ నంబరున్న ఫోన్‌ను గట్టిగా పట్టుకున్నాను. ఆమె చూపు దాని మీద పడింది. చెయ్యి చాపింది.

ఇచ్చాను.